నాఫ్తలీన్ తినే బ్యాక్టీరియా: పసుపు రంగుకు తిరగని కాలనీలను పారేయాలా?

వేకువ – సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు పనిగా, డీజిల్ ఇంకిన మట్టి నుంచి నాఫ్తలీన్‌ను తిని బతకగల బ్యాక్టీరియాను వేరు చేస్తున్నాను. ఖనిజ లవణాలూ అగారూ తప్ప మరే ఆహారమూ లేని ప్లేట్ల మీద మట్టి కలిపిన నీటిని పలుచన చేసి పరిచాను. ప్లేటును బోర్లించి, మూతలో చిటికెడు నాఫ్తలీన్ పలుకులు వేసి ఉంచాను. ఆ ఆవిరే వాటికి తిండి. ఎనిమిది రోజులకు పదకొండు రకాల కాలనీలు లేచాయి. ఒక్కోదాన్నీ విడిగా తీసి, న్యూట్రియెంట్ అగార్ మీద రెండు సార్లు గీసి శుద్ధి చేశాను.

నిన్న వాటి మీద కాటెకాల్ ద్రావణం చల్లాను. నాలుగు కాలనీలు నేను సీసా కింద పెట్టేలోపే నిమ్మపండు రంగుకు తిరిగాయి. మిగతా ఏడూ తెల్లగానే ఉండిపోయాయి. గంట తర్వాత చూస్తే అవీ, వాటి చుట్టూ ఉన్న అగారూ కూడా లేత గోధుమ రంగులోకి దిగాయి. పసుపు వచ్చినవే పనికొస్తాయి, మిగతావి పారేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఎనిమిది రోజులు నాఫ్తలీన్ ఆవిరి మీదే పెరిగిన వాటిని పారేయడానికి చేతులు రావడం లేదు. నా ఆలోచన సరైనదేనా?

సూక్ష్మదర్శి – సోమవారం, రాత్రి 10:25

పారేయకండి. పసుపు రంగు చెప్పేది ఒకే ఒక్క ఎంజైము గురించి.

కాటెకాల్ అంటే పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలున్న బెంజీన్ వలయం. చాలా బ్యాక్టీరియా నాఫ్తలీన్‌ను విరిచే దారిలో ఇది వస్తుంది. దాన్ని తెంచడానికి బ్యాక్టీరియాకు రెండు చోట్లున్నాయి. రెండు హైడ్రాక్సిళ్ల మధ్యన తెంచితే ఆర్థో విచ్ఛేదం. ఆ పని చేసేది కాటెకాల్ 1,2-డైఆక్సిజనేజ్, వచ్చేది సిస్,సిస్-మ్యూకోనేట్. దానికి రంగు లేదు. హైడ్రాక్సిళ్లకు ఆనుకుని పక్కన తెంచితే మెటా విచ్ఛేదం. అది కాటెకాల్ 2,3-డైఆక్సిజనేజ్ పని, వచ్చేది 2-హైడ్రాక్సీమ్యూకోనిక్ సెమీఆల్డిహైడ్. మీరు చూసిన నిమ్మపండు రంగు దానిదే. మొదటి ఎంజైములో ఇనుము ఫెర్రిక్ రూపంలో, రెండోదానిలో ఫెర్రస్ రూపంలో ఉంటుంది. తెంచే వలయం ఒకటే, పనిముట్లు వేరు.

గంట తర్వాత వచ్చిన గోధుమ రంగును లెక్కలోకి తీసుకోకండి. కాటెకాల్ గాలి తగిలితే తనంతట తానే ఆక్సీకరణ చెంది నల్లబడుతుంది. నిజమైన పసుపు నిమిషాల్లో వస్తుంది, కాలనీ మీదే వస్తుంది. అనుమానముంటే కొద్దిగా ఆమ్లం చుక్క వేయండి. సెమీఆల్డిహైడ్ పసుపు ఆమ్లంలో మాయమవుతుంది, క్షారం వేస్తే తిరిగి వస్తుంది. గోధుమ రంగు అలా ప్రవర్తించదు.

ఇంకో మాట. కాటెకాల్ విషం, చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. చేతి తొడుగులు లేకుండా, ఫ్యూమ్ హుడ్ బయట చల్లకండి. చల్లిన కాలనీ నుంచి మళ్లీ కల్చర్ తీయాలని చూడకండి, నకలు ప్లేటు ముందే ఉంచుకోండి.

త్రాసు మాస్టారు – మంగళవారం, ఉదయం 6:15

అమ్మా వేకువా, రెండు సంగతులు అడగాలి. మొదటిది, మూతలో నాఫ్తలీన్ లేని ప్లేటు కూడా పక్కన పెట్టావా? అగారులోని మలినాల మీదా, గాలిలో తిరిగే ఇతర ఆవిరుల మీదా బతికేసే బ్యాక్టీరియా చాలా ఉంటాయి. ఆ ప్లేటు లేకపోతే పదకొండులో ఎన్ని నిజంగా నాఫ్తలీన్ తిన్నాయో చెప్పలేవు.

రెండోది, నాఫ్తలీన్ ఎక్కడిది? రసాయనాల సీసా లోనిదైతే సరే. బట్టల్లో వేసే కలరా ఉండలు పొడి చేసి వాడితే మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్ని నాఫ్తలీనే కావు, పారాడైక్లోరోబెంజీన్. ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో వేస్తే నాఫ్తలీన్ ఉండ తేలుతుంది, డైక్లోరోబెంజీన్ ఉండ మునుగుతుంది. పిల్లలకు సాంద్రత పాఠం చెప్పేటప్పుడు ఇది చేసి చూపిస్తుంటాను. క్లోరిన్ తగిలిన వలయం బ్యాక్టీరియాకు పూర్తిగా వేరే కథ.

వేకువ – మంగళవారం, ఉదయం 8:02

మాస్టారూ, నాఫ్తలీన్ ప్రయోగశాల సీసాలోదే. ఖాళీ మూత ప్లేటు పెట్టలేదు. ఈరోజే పెడతాను.

సూక్ష్మదర్శి గారూ, ఇంకో సందేహం. ఇంత గట్టి వలయాన్ని అసలు ముందుగా కదిలించేది ఏది? పుస్తకంలో 'డైఆక్సిజనేజ్' అని ఒక్క బాణం గుర్తు వేసి వదిలేశారు.

వలయం – మంగళవారం, రాత్రి 11:10

ఆ ఒక్క బాణం గుర్తు మీద నేను చాలా ఏళ్లు గడిపాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బెంజీన్ వలయంలోని ఆరు ఎలక్ట్రాన్లు ఏ ఒక్క బంధానికీ కట్టుబడకుండా వలయమంతా పరుచుకుని ఉంటాయి. దానివల్ల వచ్చే అదనపు స్థిరత్వం మోలుకు సుమారు 36 కిలో కేలరీలు. గాలిలోని ఆక్సిజన్‌కు అది లొంగదు. ఆక్సిజన్ కూడా మామూలుగా ఉన్నప్పుడు కర్బన పదార్థాల జోలికి సులువుగా పోదు. లేకపోతే మనమంతా గాలిలో మండిపోయేవాళ్లం. ఇలా కదలని రెండింటిని కలపడం ఎంజైము పని.

నాఫ్తలీన్ విషయంలో అది నాఫ్తలీన్ డైఆక్సిజనేజ్. ఇది ఒంటరిగా పనిచేయదు, మూడు ప్రోటీన్ల జట్టు. ఒక రిడక్టేజ్, కణంలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు నుంచి వాటిని తీసుకుంటుంది. ఫెర్రిడాక్సిన్ వాటిని మోసుకెళ్తుంది. ఆక్సిజనేజ్ వాటితో ఆక్సిజన్‌ను చైతన్యపరిచి వలయం మీద పెడుతుంది. ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులూ నాఫ్తలీన్ మీదే, పక్కపక్క కర్బనాల మీద, ఒకే వైపున కూర్చుంటాయి. ఆ వైపు కూడా యాదృచ్ఛికం కాదు, ప్రతిసారీ అదే ముఖం. టాలుయీన్, బెంజీన్‌ల విషయంలో ఇలాంటి సిస్-డైహైడ్రోడయోళ్లు (ఒకే వైపున రెండు హైడ్రాక్సిళ్లున్న పదార్థాలు) తయారవుతాయని డేవిడ్ గిబ్సన్ బృందం 1960ల చివర్లో సూడోమోనాస్ పుటిడాతో చూపించింది. అంతకు ముందే, 1955లో, ఒసాము హయాయిషి బరువైన ఆక్సిజన్-18 వాడి, కాటెకాల్‌ను తెంచేటప్పుడు చేరే ఆక్సిజన్ నీళ్ల నుంచి కాక గాలి నుంచే వస్తుందని నిరూపించారు. ఆక్సిజనేజ్ అన్న భావన అక్కడి నుంచే నిలదొక్కుకుంది.

1998లో ఈ ఎంజైము స్ఫటిక నిర్మాణం బయటపడింది. పుట్టగొడుగు ఆకారం. మూడు ఆల్ఫా ఉపభాగాలు గొడుగు, మూడు బీటా ఉపభాగాలు కాడ. ప్రతి ఆల్ఫాలోనూ రెండు ఇనుములూ రెండు గంధకాలూ ఉన్న రీస్కే గుచ్ఛం ఒకటి, విడిగా ఒంటరి ఇనుము ఒకటి ఉంటాయి. ఎలక్ట్రాన్ రీస్కే నుంచి ఆ ఇనుముకు చేరాలి. కానీ ఒకే ఆల్ఫాలో ఆ రెండింటి మధ్య దూరం సుమారు 44 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎలక్ట్రాన్ అంత దూరం దూకలేదు. పక్క ఆల్ఫాలోని ఇనుము మాత్రం 12 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే ఉంది! అంటే ప్రతి ఉపభాగమూ తన ఎలక్ట్రాన్‌ను పొరుగింటికి ఇస్తుంది, తనకు కావలసింది ఇంకో పొరుగు నుంచి అందుకుంటుంది. ముగ్గురూ చుట్టూ కూర్చుంటే తప్ప పని జరగదు. ఈ బొమ్మను తెర మీద తిప్పి చూసిన మొదటి రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మొదటి మెట్టులో ఒక ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది. రెండో మెట్టులో డీహైడ్రోజనేజ్ ఆ డైహైడ్రోడయోల్ నుంచి హైడ్రోజన్ తీసి, వలయానికి స్థిరత్వం తిరిగి ఇస్తూ ఒక ఎన్‌ఏడీహెచ్‌ను తిరిగి సంపాదిస్తుంది. చేబదులు తీసుకుని మరుక్షణం తీర్చేసినట్టు.

సూక్ష్మదర్శి – బుధవారం, ఉదయం 7:30

వలయం గారి టపాకు నా నమస్కారం. వేకువ గారికి పనికొచ్చే చిన్న పరీక్ష దీనిలోంచే వస్తుంది. ఈ మొదటి ఎంజైము నాఫ్తలీన్‌తో ఆగదు, ఇండోల్ మీద కూడా ఆక్సిజన్ పెడుతుంది. అలా వచ్చిన పదార్థం గాలిలో నీలిమందుగా మారుతుంది. 1983లో నాఫ్తలీన్ జన్యువులు పెట్టిన ఈ.కోలై కాలనీలు నీలంగా మారడం ఇలాగే బయటపడింది. మీ కాలనీలను నాఫ్తలీన్ ఆవిరి మీద పెంచి, ఆ తర్వాత మూతలో కొన్ని ఇండోల్ పలుకులు వేయండి. నీలం వస్తే ఇలాంటి ఆక్సిజనేజ్ ఉందనడానికి మంచి సూచన.

నాఫ్తలీన్ మీద పెంచమని ఎందుకంటున్నానంటే, ఈ జన్యువులు అవసరం లేనప్పుడు నిద్రపోతాయి. చాలా సూడోమోనాస్‌లలో మధ్యలో వచ్చే సాలిసిలేటే వాటిని మేల్కొలిపే ప్రేరకం. పైగా చాలాసార్లు ఇవి ప్లాస్మిడ్ మీద, అంటే ప్రధాన డీఎన్‌ఏకు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్క మీద ఉంటాయి. మీరు న్యూట్రియెంట్ అగార్ మీద రెండు సార్లు గీశారు కదా, కడుపు నిండా తిండి దొరికిన చోట కొన్ని కణాలు ఆ బరువును వదిలించుకుంటాయి.

మొలక – బుధవారం, మధ్యాహ్నం 1:05

నేను ఇంటర్ విద్యార్థిని. ఈ ఎంజైములు ఇంత బాగా పనిచేస్తే చమురు ఒలికిన ప్రతిచోటా ఈ బ్యాక్టీరియాను పోసేస్తే సరిపోదా? వీటన్నిటినీ కలిపి ఒక్క బ్యాక్టీరియాలో పెట్టొచ్చు కదా?

నేలగుండె – బుధవారం, రాత్రి 8:50

మొలకా, చాలా మంచి ప్రశ్న. కలుషిత నేలలనూ భూగర్భ జలాలనూ శుభ్రం చేసే పనిలో చాలా కాలంగా ఉన్నాను, నా అనుభవంలోంచి చెప్తాను.

రెండో ప్రశ్నకు ముందు జవాబు. ఆ పని ఎప్పుడో జరిగింది. ఆనంద మోహన్ చక్రవర్తి 1970ల మొదట్లో రకరకాల చమురు భాగాలను తినే ప్లాస్మిడ్‌లను ఒకే సూడోమోనాస్‌లో చేర్చారు. దాని పేటెంటు మీద నడిచిన కేసులో 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మనిషి తీర్చిదిద్దిన జీవికి పేటెంటు ఇవ్వవచ్చని తేలింది. అయితే చరిత్రలో నిలిచింది ఆ తీర్పు, సముద్రంలో చమురును శుభ్రం చేసిన ఘనత దానికి దక్కలేదు.

ఎందుకంటే చాలా చోట్ల కొరత బ్యాక్టీరియాది కాదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికినప్పుడు రాళ్ల తీరాల మీద ఎక్కువగా చల్లింది ఎరువులే. తినేవి అక్కడే ఉన్నాయి, వాటికి నత్రజనీ భాస్వరమూ చాలలేదు.

నేను చూసిన ఒక చోట భూమిలోని ట్యాంకు కారి, బావుల నీళ్లలో బెంజీన్, టాలుయీన్ చేరాయి. ఎవరో పీపాలకొద్దీ బ్యాక్టీరియా అమ్మారు, వాళ్లు పోశారు. మూడు వారాల్లో ఆ బ్యాక్టీరియా జాడ లేదు, బెంజీన్ అలాగే ఉంది. తర్వాత మేము చేసింది ఒక్కటే, భూమిలోకి గొట్టాలు దింపి నెమ్మదిగా గాలి పంపాం. కొన్ని నెలలకు నీటి నమూనాలో ఆ పెట్రోలు వాసన తగ్గింది. పనిచేసినవి అక్కడ ముందునుంచీ ఉన్నవే. ఊపిరాడక కూర్చున్నాయి, అంతే. ఈ విషయం నాకు అర్థమయ్యేసరికి చాలా డబ్బు నేలపాలైంది. ఇప్పటికీ ఎవరైనా పరీక్షలేవీ చేయకుండా ముందే బ్యాక్టీరియా పొడి అమ్మజూపితే నాకు కోపం వస్తుంది.

త్రాసు మాస్టారు – గురువారం, ఉదయం 5:50

నేలగుండె గారి మాటకు లెక్క జోడిస్తాను. నాఫ్తలీన్ ఒక అణువు పూర్తిగా కార్బన్ డైఆక్సైడూ నీరూ కావడానికి 12 ఆక్సిజన్ అణువులు కావాలి. 128 గ్రాములకు 384 గ్రాములు. అంటే గ్రాముకు సరిగ్గా 3 గ్రాములు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు. అది 3 మిల్లీగ్రాముల నాఫ్తలీన్‌కు కూడా చాలదు. నాఫ్తలీన్ మాత్రం లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది. కొంత కర్బనం బ్యాక్టీరియా ఒంట్లోకి పోతుంది కాబట్టి నిజమైన అవసరం ఇంతకంటే తక్కువే. అయినా, ఎంత గొప్ప డైఆక్సిజనేజ్ ఉన్నా, మూసి ఉన్న నీటిలో అది చేయగలిగింది కొంచెమే.

ఇసుకతిన్నె – గురువారం, రాత్రి 9:20

పెట్రోలు, డీజిల్ విషయంలో నేలగుండె గారితో ఏకీభవిస్తాను. ఎంజైము ఎప్పుడూ కొరత కాదన్నట్టుగా వినిపిస్తే మాత్రం ఒప్పుకోను.

ఆరోమాటిక్ వలయాలు ప్రకృతికి కొత్త కావు. చెట్ల కలపలోని లిగ్నిన్ నిండా అవే. కోట్ల ఏళ్లుగా వాటిని తినడం నేర్చుకున్న బ్యాక్టీరియాకు టాలుయీన్ పెద్ద వింత కాదు. నిండా క్లోరిన్ కూర్చిన వలయం అలా కాదు. పెంటాక్లోరోఫెనాల్‌ను 1930ల నుంచి కలప పాడవకుండా వాడారు. దాన్ని తినే స్ఫింగోబియం క్లోరోఫెనాలికం అన్న బ్యాక్టీరియా ఉంది. దాని మొదటి ఎంజైము పీసీపీబీ ఎంత మందకొడిదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక అణువును మార్చడానికి సెకన్ల కొద్దీ కాలం పడుతుంది. ఎక్కడినుంచో అరువు తెచ్చుకుని అతికించుకున్న దారి, ఇంకా అతుకులు కనిపిస్తూనే ఉన్నాయి. పైగా మధ్యలో పుట్టే టెట్రాక్లోరోబెంజోక్వినోన్ కణానికే విషం.

ఇంకో ఉదాహరణ వేకువ గారి పసుపు రంగుకే సంబంధించింది. క్లోరోబెంజీన్ తింటే దారిలో 3-క్లోరోకాటెకాల్ వస్తుంది. దాన్ని మెటా ఎంజైము తెంచబోతే ఆ ఎంజైమే చచ్చుబడిపోతుంది. అందుకే క్లోరిన్ వలయాలను తినేవి ఎక్కువగా ఆర్థో దారినే, కొంచెం మార్చిన రూపంలో వాడతాయి. పసుపు రానివాటిని పారేసే పద్ధతి పెట్టుకుంటే అసలు కావలసినవే చెత్తబుట్టలోకి పోతాయి.

నేలగుండె – శుక్రవారం, ఉదయం 7:15

ఒప్పుకుంటున్నాను. నా అనుభవం అంతా పెట్రోలు మీదిది, దాన్ని అన్నిటికీ అన్వయించాను. క్లోరిన్ ఉన్నచోట ఏ జీవి ఉందో, ఏ జన్యువు ఉందో ముందే వెతకాల్సిందే.

ఒక అడుగు ముందుకేసి నేనూ ఒకటి అడుగుతాను. గాలే అందని లోతుల్లో కూడా టాలుయీన్ తగ్గడం చూశాను. అక్కడ ఆక్సిజనేజ్ ఏం చేయగలదు?

వలయం – శుక్రవారం, రాత్రి 10:40

ఏమీ చేయలేదు, అక్కడ వేరే రసాయనం నడుస్తుంది. థావేరా అరోమాటికా లాంటి బ్యాక్టీరియా నైట్రేటును శ్వాసకు వాడుకుంటూ టాలుయీన్‌ను ఫ్యూమరేటుకు జత చేస్తుంది. ఆ ఎంజైము బెంజైల్‌సక్సినేట్ సింథేజ్. తనలోనే గ్లైసీన్ మీద ఒక రాడికల్‌ను దాచుకుని, దానితో టాలుయీన్ మిథైల్ నుంచి హైడ్రోజన్‌ను లాగుతుంది. ఆక్సిజన్ తగిలితే ఆ రాడికల్ ఉన్నచోటే ప్రోటీన్ గొలుసు తెగిపోతుంది. చివరికి అన్నీ బెంజోయిల్-కోఏ అనే, వలయం ఇంకా తెగని ఉమ్మడి పదార్థం దగ్గరికి చేరతాయి. అక్కడ వలయాన్ని లొంగదీయడానికి ఈ బ్యాక్టీరియా రెండు ఎలక్ట్రాన్లకు రెండు ఏటీపీల (కణానికి శక్తినిచ్చే అణువులు) చొప్పున ఖర్చు పెడుతుంది. జియోబాక్టర్ లాంటివి ఏటీపీ ఖర్చు లేకుండా టంగ్‌స్టన్ ఉన్న వేరే ఎంజైము వాడతాయి. గాలి ఉన్నచోట ఆక్సిజన్ చేసిపెట్టే పనిని ఇవి తమ శక్తితో చేసుకుంటాయి, అందుకే నెమ్మది. మిథైల్ కూడా లేని ఒట్టి బెంజీన్ అయితే అక్కడ మరీ మొండిది.

సూక్ష్మదర్శి – శనివారం, ఉదయం 9:00

వేకువ గారూ, మీ ఏడింటికి రొథేరా పరీక్ష చేయండి. నాఫ్తలీన్ మీద పెరిగిన కణాలను కడిగి బఫర్‌లో కలపండి. రెండు చుక్కల టాలుయీన్ వేస్తే కణపొర సడలుతుంది. కాటెకాల్ కలిపి గంటసేపు ఊపుతూ ఉంచండి. తర్వాత అమ్మోనియం సల్ఫేటు, ఒక చుక్క సోడియం నైట్రోప్రుస్సైడ్, కాస్త అమ్మోనియా. ఆర్థో దారి ఉంటే అందులో ముందుకు వెళ్లాక వచ్చే బీటా-కీటోఅడిపేట్ వల్ల చిక్కటి ఊదారంగు వస్తుంది.

రెండు రంగులూ రాకపోయినా వదలకండి. నాఫ్తలీన్ నుంచి వచ్చే సాలిసిలేటును కొన్ని కాటెకాల్‌గా కాక జెంటిసేటు అనే వేరే పదార్థంగా మారుస్తాయి. రాల్‌స్టోనియా యూ2 అలాంటిదే. వాటికి కాటెకాల్ చూపిస్తే ఏం లాభం? జెంటిసేటు ఇచ్చి, స్పెక్ట్రోఫోటోమీటరులో 330 నానోమీటర్ల వద్ద చూడండి. జెంటిసేటు వలయం తెగితే వచ్చే మాలెయిల్‌పైరువేట్ అక్కడ పెరుగుతుంది.

వేకువ – మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:30

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి మన్నించండి, ఫలితాలన్నీ వచ్చాకే రాయాలనుకున్నాను.

మాస్టారూ, మీ అనుమానం నిజం. ఖాళీ మూత ప్లేటు మీద కూడా ఏడింటిలో రెండు హాయిగా పెరిగాయి. వాటిని జాబితా నుంచి తీసేశాను. మిగిలిన ఐదూ నాఫ్తలీన్ ఉన్న ప్లేటు మీదే పెరిగాయి.

ఇండోల్ పరీక్షలో పసుపు వచ్చిన నాలుగూ, ఈ ఐదులో మూడూ నీలంగా మారాయి. ఒక కాలనీ అంచు ముందు నీలమై, మధ్యలోకి పాకడం నేను లెన్సుతో చూస్తూ కూర్చున్నాను.

రొథేరాలో మూడు పరీక్ష నాళికలు ఊదారంగుకు తిరిగాయి. అమ్మోనియా వేసిన మరుక్షణమే, నేరేడు పండు నలిపినట్టు. నాలుగోది నాఫ్తలీన్ మీద మళ్లీ పెంచి కాటెకాల్ చల్లితే ఈసారి పసుపు వచ్చింది. న్యూట్రియెంట్ అగార్ మీద దాని జన్యువులు నిద్రపోయాయన్నమాట. మూడు నాలుగు సార్లు అదే అగార్ మీద గీసి చూస్తే కొన్ని కాలనీలు నాఫ్తలీన్ మీద పెరగడమే మానేశాయి, ప్లాస్మిడ్ ఉందేమో చూడాలి.

ఐదోది రెండు రంగులూ ఇవ్వలేదు. జెంటిసేటు ఇచ్చి 330 దగ్గర పెట్టాను. మొదటి నిమిషం గీత కదల్లేదు. క్యువెట్ సరిగా పెట్టలేదేమో అనుకుని మూత తీయబోయాను, అప్పుడు అంకె మెల్లగా పైకి ఎక్కడం మొదలైంది. కణాలు మరిగించి వేసిన దానిలో అది కదల్లేదు. మూడు సార్లు చేశాను, మూడు సార్లూ అంతే.

తొమ్మిదింటినీ గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల్లో దాచాను. ఇసుకతిన్నె గారూ, ఆ మూడు ఊదారంగు వాటికి క్లోరోబెంజీన్ ఆవిరి పెట్టి రేపటి నుంచి చూస్తున్నాను. ఈసారి ఖాళీ మూత ప్లేటు ముందే పెట్టాను.